షవర్ గాజు తెర: చదరపు అడుగు ధర చెప్పని లెక్కలు

ఒకప్పుడు పెద్ద హోటళ్లలో మాత్రమే కనిపించిన షవర్ గాజు తెర ఇప్పుడు నగరాల్లోని అపార్టుమెంట్లలోనూ సాధారణ అమరికగా మారింది. స్నానం చేసే చోటును వేరుచేసి, మిగిలిన గదిని పొడిగా ఉంచడం దీని ప్రయోజనం. అయితే దుకాణంలో విన్న ధరకూ, చివరకు చెల్లించే మొత్తానికీ పొంతన కుదరక వినియోగదారులు ఇబ్బంది పడటం తరచుగా జరిగేదే. దుకాణదారు ధరను చదరపు అడుగు చొప్పున చెబుతారు. అసలు ఖర్చును నిర్ణయించేవి మాత్రం గాజు రకం, బిగించే సామగ్రి, పనివారి నైపుణ్యం, అన్నిటికన్నా ముఖ్యంగా కొలత. కొలతకు అంత ప్రాధాన్యం ఎందుకో తెలియాలంటే ముందుగా ఆ గాజు స్వభావాన్ని అర్థం చేసుకోవాలి.

తయారయ్యాక కోయలేని గాజు

షవర్ తెరలకు వాడవలసింది టఫెన్డ్ గాజు. మామూలు గాజు పలకను 600 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడికి గురిచేసి, వెంటనే గాలి ధారలతో వేగంగా చల్లార్చి దీన్ని తయారుచేస్తారు. ఉపరితలం ముందుగా గట్టిపడి, లోపలి భాగం ఆలస్యంగా చల్లారడం వల్ల పలక పైపొరలు ఒత్తిడిలోనూ, మధ్యభాగం లాగుడులోనూ ఉండిపోతాయి. ఈ అంతర్గత సమతుల్యతే దానికి మామూలు గాజు కంటే సుమారు నాలుగైదు రెట్ల బలాన్ని ఇస్తుంది. మామూలు గాజు పగిలితే కత్తుల్లాంటి పొడవాటి పెంకులు ఏర్పడతాయి. టఫెన్డ్ గాజు అయితే మొద్దు అంచులు గల చిన్న ముక్కలుగా రాలిపోతుంది. తడి నేలపై కాలు జారే అవకాశమున్న చోట ఈ తేడా ప్రాణరక్షణకు సంబంధించినది.

అదే సమతుల్యత కారణంగా ఒకసారి టఫెనింగ్ పూర్తయిన పలకను కోయడం గానీ, రంధ్రం చేయడం గానీ సాధ్యపడదు. ప్రయత్నిస్తే పలక మొత్తం ముక్కలవుతుంది. కబ్జాలకు, పిడికి కావలసిన రంధ్రాలన్నీ కొలిమిలోకి పంపకముందే చేయాలి. కొలత ఒక్క సెంటీమీటరు ఎక్కువైనా ఆ పలక పనికిరాదు, కొత్తది చేయించవలసిందే. అందుకే కొలత తీసుకున్నది ఎవరు, తప్పు జరిగితే నష్టం ఎవరు భరించాలి అన్నది కొటేషన్‌లో ముందే రాయించుకోవాలి.

బిల్లులో చేరే అంశాలు

గాజు వ్యాపారంలో అసలు కొలతను కాకుండా, దాన్ని తదుపరి నిర్ణీత అంగుళాలకు పెంచి బిల్లు వేయడం పరిపాటి. ఒక ఉదాహరణ చూద్దాం. పలక వెడల్పు 37 అంగుళాలు, ఎత్తు 79 అంగుళాలు అనుకుంటే దాని వైశాల్యం 20.3 చదరపు అడుగులు. ఆరు అంగుళాల గుణిజాలకు పెంచి లెక్కిస్తే అది 42, 84 అంగుళాలై 24.5 చదరపు అడుగులు అవుతుంది. చదరపు అడుగు ధర రూ.500 అనుకుంటే, ఈ ఒక్క సవరింపు వల్లనే దాదాపు రూ.2,100 అదనంగా పడుతుంది. కొలతను ఎన్ని అంగుళాలకు పెంచుతారో ముందే అడిగితే, అవకాశమున్న చోట పలకను ఒకటి రెండు అంగుళాలు తగ్గించుకోవచ్చు.

అంచులు నునుపు చేయడం, రంధ్రాలు, కబ్జాలు, గోడకు బిగించే బ్రాకెట్లు, పిడి, నీరు కారకుండా అడ్డుకునే పట్టీలు, సిలికాన్, రవాణా, పై అంతస్తుకు మోత కూలి, జీఎస్టీ వంటివి కొన్ని కొటేషన్లలో కలిసి ఉంటాయి, మరికొన్నింటిలో విడిగా వస్తాయి. రెండు దుకాణాల ధరలను పోల్చేటప్పుడు ఇవన్నీ కలిపిన మొత్తాన్నే పోల్చాలి.

బరువును బట్టి సామగ్రి

గాజు మందం సాధారణంగా 8 లేదా 10 మిల్లీమీటర్లు ఉంటుంది. పది మిల్లీమీటర్ల గాజు చదరపు మీటరుకు 25 కిలోల బరువు తూగుతుంది. రెండున్నర అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల ఎత్తు గల తలుపు దాదాపు 38 కిలోలు ఉంటుంది. రోజుకు ఎన్నోసార్లు తెరిచి మూసే ఈ బరువును రెండు మూడు కబ్జాలే మోయాలి. పైపూత మెరిసినా లోపల నాసిరకం మిశ్రమ లోహమైతే తడికి తుప్పుపట్టి తలుపు కిందికి వాలుతుంది. 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు ఇళ్లకు సరిపోతుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి తీర నగరాల్లో ఉప్పు గాలిని తట్టుకోవడానికి 316 గ్రేడు మేలు. బడ్జెట్ పరిమితమైతే సామగ్రి నాణ్యత తగ్గించడం కన్నా తలుపు లేకుండా ఒకే స్థిరమైన పలకను పెట్టించుకోవడం వివేకం. కబ్జాల ఖర్చు మిగులుతుంది, చెడిపోయే భాగాలూ తగ్గుతాయి.

పనివారి నైపుణ్యానికి విలువ

గోడలు చాలా ఇళ్లలో పూర్తిగా నిటారుగా ఉండవు. నేల కూడా నీరు పోయే దిశగా వాలుగా ఉంటుంది. అనుభవమున్న పనివారు టైల్స్ పని ముగిసిన తర్వాతే కొలత తీసుకుంటారు. వెడల్పును పైన, మధ్యన, కింద మూడు చోట్ల కొలిచి, రసమట్టంతో గోడ వంపును చూస్తారు. గోడలో నీటి పైపులు ఎటు వెళ్తున్నాయో అడిగి తెలుసుకున్నాకే డ్రిల్ చేస్తారు. నేలకు మరలు బిగిస్తే వాటర్‌ప్రూఫింగ్ పొర చిల్లుపడి, కింది ఇంటి పైకప్పులో చెమ్మ చేరవచ్చు. అందుకే నేలపై సిలికాన్‌తోనే అతికించడం మంచిది. సిలికాన్ ఆరే వరకు, కనీసం ఒక రోజు, షవర్ వాడకూడదు.

బరువైన పలకను మెట్ల మీదుగా మోయడం ప్రమాదకరమైన పని. టఫెన్డ్ గాజుకు అంచులే బలహీన స్థానం. మూల నేలకు తగిలితే చాలు, పలక చెదిరిపోవచ్చు. తగినంత మంది మనుషులు, చేతి తొడుగులు, గాజును పట్టుకునే రబ్బరు కప్పులు లేకుండా పని చేయించడం పనివారి ప్రాణాలతో ఆదా చేయడమే.

ముద్రను పరిశీలించాలి

భవనాల్లో వాడే భద్రతా గాజుకు ఐఎస్ 2553 మొదటి భాగం ప్రమాణం వర్తిస్తుంది. కేంద్ర ప్రభుత్వం 2020లో భద్రతా గాజుకు నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు జారీ చేసింది. పలక మూలలో చెరగని ముద్ర ఉందో లేదో బిగించక ముందే చూడాలి. ఐఎస్‌ఐ గుర్తుతో ఉన్న లైసెన్సు సంఖ్యను భారతీయ ప్రమాణాల సంస్థకు చెందిన బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. నికెల్ సల్ఫైడ్ వంటి సూక్ష్మ మలినాల వల్ల టఫెన్డ్ గాజు అరుదుగా, బయటి కారణమేదీ లేకుండానే పగలవచ్చు. ఇటువంటి సందర్భంలో పలకను మార్చి ఇస్తారా అన్నది బిల్లుపై రాయించుకోవాలి. వివాదం తలెత్తితే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రాన్ని 1915 నంబరులో సంప్రదించవచ్చు; పన్ను బిల్లు లేకపోతే ఫిర్యాదు బలహీనపడుతుంది.

తలుపు బయటికి తెరుచుకునేలా ఉండాలన్నది మరో ముఖ్య విషయం. లోపల ఎవరైనా పడిపోతే, వారి శరీరమే అడ్డుగా ఉన్నప్పుడు లోపలికి తెరుచుకునే తలుపును తీయడం కష్టం. వృద్ధులున్న ఇళ్లలో ఇది మరింత అవసరం. బోరు నీటిలో కాఠిన్యం ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో గాజుపై తెల్లటి మరకలు ఏర్పడతాయి. స్నానం ముగిసిన వెంటనే రబ్బరు వైపర్‌తో నీటిని తుడిస్తే ఖరీదైన పూతల అవసరం చాలావరకు తప్పుతుంది.

అడ్వాన్సు ఇచ్చే ముందు గాజు మందం, ముద్ర, బిల్లు కొలత, సామగ్రి గ్రేడు, కొలత తప్పితే బాధ్యత అనే ఐదు అంశాలు కాగితంపైకి రావాలి. ఇవి లేని కొటేషన్‌లో చదరపు అడుగు ధర ఎంత తక్కువగా కనిపించినా, తుది ఖర్చు ఎంతో ఎవరూ చెప్పలేరు.