నెట్‌లో లైనక్స్ ఎక్కిస్తున్నారా? పక్కన రెస్క్యూ పెన్‌డ్రైవ్ ఉందా?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత సపోర్ట్ ఆగిపోయింది. పాత ల్యాప్‌టాప్‌లు చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. కొత్తది కొనాలంటే జేబు ఒప్పుకోదు. అందుకే కుర్రాళ్లు లైనక్స్ వైపు చూస్తున్నారు. మంచిదే! కాకపోతే కరెంటు ఎప్పుడు పోతుందో, సిగ్నల్ ఎప్పుడు పడిపోతుందో తెలియని మా కౌతాళం లాంటి ఊళ్లలో ఓ జాగ్రత్త తప్పనిసరి.

డెబియన్‌నే తీసుకోండి. దాని 'నెట్‌ఇన్‌స్ట్' ఫైల్ ఒక జీబీ కూడా ఉండదు. డెస్క్‌టాప్, మిగతా సాఫ్ట్‌వేర్ అంతా ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడే నెట్ నుంచి దిగుతుంది. చిక్కంతా ఇక్కడే. ముందు హార్డ్ డిస్క్‌ని విభజించి ఫార్మాట్ చేస్తుంది. ఆ తర్వాతే డౌన్‌లోడ్. కంప్యూటర్‌ని లేపే 'గ్రబ్' బూట్‌లోడర్ వచ్చేది చివర్లో. మధ్యలో కరెంటు పోయిందా, పాత విండోస్ పోయినట్టే, కొత్త లైనక్స్ రానట్టే!

"అన్నా, బూటబుల్ డివైస్ లేదంటోంది. ప్రాజెక్ట్ ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి. ఇప్పుడెట్ల?" అని ఆదోని నుంచి తమ్ముడొకడు అర్ధరాత్రి ఫోన్ చేస్తే ఏం చెప్తాం? అందుకే ఈ పనులు ముందే చేసి పెట్టుకోండి.

బ్యాకప్: ఫైళ్లను వేరే డ్రైవ్‌లోకి ఎక్కించండి. ఫార్మాట్ అయిన డేటాని ఏ రెస్క్యూ డిస్కూ గ్యారంటీగా తెచ్చివ్వదు.

రెండో పెన్‌డ్రైవ్: ఇందులో 'సిస్టమ్‌రెస్క్యూ' ఎక్కించండి. హార్డ్ డిస్క్‌ని ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది. నెట్ కూడా అక్కర్లేదు. మిగిలిన ఫైళ్లను కాపీ చేసుకోవచ్చు. పొరపాటున చెరిపేసిన పార్టిషన్‌ని వెతికే 'టెస్ట్‌డిస్క్' కూడా ఇందులోనే ఉంటుంది. దాని మీద కొత్తగా ఏమీ రాయకపోతే దొరికే అవకాశం ఉంది.

బిట్‌లాకర్ కీ: విండోస్ డ్రైవ్‌కి లాక్ ఉంటే రికవరీ కీ రాసిపెట్టుకోండి. అది లేకుంటే రెస్క్యూ డిస్క్ కూడా ఆ తలుపు తీయలేదు.

నెట్ మాత్రమే పోతే కంగారొద్దు. ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేసి, ఆగిన స్టెప్ మళ్లీ మొదలుపెట్టండి. సిస్టమ్ ఎక్కి గ్రబ్ ఒక్కటే రాకపోతే, నెట్‌ఇన్‌స్ట్ పెన్‌డ్రైవ్‌లోనే 'రెస్క్యూ మోడ్' ఉంది. అందులో గ్రబ్‌ని మళ్లీ ఎక్కించొచ్చు.

ఉన్న ఒక్క కంప్యూటరూ పడుకుంటే రెస్క్యూ డిస్క్ తయారు చేసేదెలా? ఆండ్రాయిడ్ ఫోన్, ఓటీజీ కేబుల్ ఉంటే 'ఎచ్‌డ్రాయిడ్' యాప్‌తో లైనక్స్ ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లోకి రాయొచ్చు. కానీ ఆ రాత్రి సిగ్నల్ ఉండాలి కదా! అందుకే ముందే చేసుకోండి. ఒకసారి దాంతో ల్యాప్‌టాప్ ఆన్ అవుతుందో లేదో చూసుకోండి. ఆ తర్వాతే 'ఇన్‌స్టాల్' నొక్కండి.