బ్రేకు ప్యాడు మీద రెండక్షరాలు

బహ్రెయిన్‌లో కొండల్లేవుగా, పెద్ద పికప్ ట్రక్కుకి ఏ ప్యాడ్లయితేనేం అంటారు మిత్రులు. కానీ నలభై డిగ్రీలు దాటే ఎండ ఉంది, వెనక పడవ ట్రైలర్ ఉంది. బ్రేకు చేసేది వేగాన్ని వేడిగా మార్చడమే. బరువు రెట్టింపైతే వేడీ రెట్టింపే.

సల్మాబాద్‌లో ప్యాడ్లు కొనేటప్పుడు నేను బ్రాండు కన్నా ముందు ప్యాడు మీద అచ్చువేసిన రెండక్షరాలు చూస్తాను. మొదటిది మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా కాగాక పట్టు. 'ఎఫ్' అంటే ఘర్షణ గుణకం 0.35 నుంచి 0.45, 'ఇ' అంటే 0.25 నుంచి 0.35. 'ఎఫ్ఇ' రకం, లోడు పడగానే చతికిలబడే సర్వర్ లాంటిది! మన్నిక సంగతి మాత్రం ఈ అక్షరాలు చెప్పవు.

ప్యాడ్లతోపాటు బ్రేకు ఆయిలూ మార్పించండి. తేమ పీల్చిన డాట్ 3 ఆయిల్ 140 డిగ్రీలకే మరగొచ్చు. బుడగలొస్తే పెడల్ నేలకంటుతుంది, బండి ఆగదు.