ఓడ మీద రాత్రి పదిన్నర

వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయంటే మా ఓ.పి. గదికి రెండు ప్రశ్నలు తప్పక వస్తాయి. ఎండదెబ్బ తగలకుండా ఏం చేయాలన్నది ఒకటి, టూరుకు పోతున్నాం ఏ మాత్రలు వెంట పెట్టుకోవాలన్నది ఇంకొకటి. ఈ మధ్య మూడో ప్రశ్న కూడా వస్తున్నది. పోయిన వారం పదమూడేళ్ళ బాబుకు టి.టి. సూది వేయించడానికి వచ్చిన ఒక తల్లి, “సిస్టర్, మేం చెన్నైలో ఓడ ఎక్కుతా ఉండాం. పిల్లోళ్ళను రాత్రిపూట ఎంతసేపు వదలొచ్చు?” అని అడిగింది.

దీనికి మందుల పుస్తకంలో జవాబు లేదు. అయినా మా దగ్గర జవాబు ఉన్నది. దానిని మేము కాస్త ఖరీదు పెట్టి నేర్చుకున్నాము, అందుకే ఈ సంచికలో వ్రాస్తున్నాము.

మన చిత్తూరు, తిరుపతి కుటుంబాలకు ఓడలో విహారం అనేది మొన్నమొన్నటి వరకు సినిమాలో చూసే సంగతి. 2022 జూన్ నెలలో చెన్నై రేవు నుండి కోర్డేలియా అనే ఓడ విహారయాత్రలు మొదలుపెట్టింది. అదే నెలలో విశాఖపట్నానికి కూడా వచ్చింది. చెన్నై మనకు మూడు నాలుగు గంటల దారి కాబట్టి, ఉద్యోగంలో స్థిరపడిన బిడ్డలు తల్లిదండ్రులను, పిల్లలను కలిపి రెండు మూడు రాత్రుల ప్రయాణానికి తీసుకుపోవడం చూస్తున్నాము. అమెరికాలో బిడ్డల దగ్గరికి పోయి అక్కడి పెద్ద ఓడలు ఎక్కి వచ్చిన పెద్దవాళ్ళు కూడా మన సంఘంలో ఉన్నారు.

మేము కూడా రెండేళ్ళ క్రిందట పోయాము. ఓడ పేరు ఇక్కడ అవసరం లేదు, ఎందుకంటే జరిగిన దానిలో ఓడవారి తప్పు ఏమీ లేదు. మా అక్కచెల్లెళ్ళు, తమ్ముడు, వాళ్ళ పిల్లలు, మా అమ్మ, అందరం పదకొండు మంది. పిల్లల్లో నలుగురు పన్నెండు నుండి పదిహేనేళ్ళ లోపువారు. మూడు గదులు దొరికాయి. రెండు కింది అంతస్తులో పక్కపక్కనే, ఒకటి మూడంతస్తుల పైన. మొదటి సాయంత్రం భోజనాలయ్యాక పిల్లలు ఆటల గదికి పోతామంటే పెద్దవాళ్ళం ఒకే మాట చెప్పాము. “సరే పోండి, ఆలస్యం చేయొద్దండి, జాగ్రత్త.” ఆ మాటలో ఏ తప్పూ మాకు ఆ వేళ కనపడలేదు.

రాత్రి పన్నెండుంబావుకు మా అమ్మ మంచినీళ్ళకు లేచి, “అబ్బోడు యాడ?” అని అడిగింది. మా తమ్ముని కొడుకు, పదమూడేళ్ళవాడు. కింది గదిలో మా మరదలు వాడు పైగదిలో పిల్లలతో పండుకున్నాడనుకుంది. పైగదిలో వాళ్ళు వాడు అమ్మ దగ్గరికి పోయినాడనుకున్నారు. సెల్ ఫోను చేద్దామంటే తీరం వదిలిన కాసేపటికే సిగ్నలు పోయింది. ఓడలో వెదకడం అంటే ఊరిలో వెదికినట్లు కాదు. పది అంతస్తులు, ముందొక మెట్లు, వెనకొక మెట్లు, ఏ నడవా చూసినా ఒకే రకం తలుపులు. మేము ఇటు దిగితే వాడు అటు ఎక్కుతూ ఉండవచ్చు. పైన తెరిచి ఉన్న డెక్కు మీదికి వచ్చేసరికి గాలి హోరు, కమ్మీల అవతల చీకటి నీళ్ళు. ముప్పై ఏళ్ళుగా క్యాజువాలిటీలో ఎన్నో చూసిన వాళ్ళం, ఆ కమ్మీల దగ్గర మాకు కాళ్ళు ఆడలేదు.

రిసెప్షన్‌లో చెప్పగానే వాళ్ళు మనిషిని తోడు పంపారు. నలభై నిమిషాలకు దొరికాడు. ఓడ వెనక భాగంలో, ఇరవై ఏళ్ళ వయసున్న నలుగురు కుర్రవాళ్ళ మధ్య కూర్చుని ఉన్నాడు. వీడి చేతిలో ఉన్నది కూల్‌డ్రింకే. వాళ్ళ చేతుల్లో ఉన్నది కాదు. పేకాట ఆడుకుందాం, మా గదికి రా అని వాళ్ళు వీడిని పిలుస్తున్నారు.

“యాడ ఉండావురా నాయనా ఇంతసేపు?”

“ఈడనే ఉండాను అత్తా. ఎవురైనా వచ్చి పిలుస్తారేమో అని చూస్తా ఉండాను.”

ఆ మాటకు మా మరదలు కొట్టడానికి ఎత్తిన చెయ్యి దించేసింది. వాడికి పోవాలని లేదు, రావడం చేతకాలేదు. “నాకు టైమయింది, పోవాల” అందామంటే వాడికి ఎవరూ టైము చెప్పలేదు. పదమూడేళ్ళ పిల్లవాడు పెద్దవాళ్ళ గుంపులో నుండి లేచి రావాలంటే చేతిలో ఒక సాకు కావాలి. ఆ సాకు మేము ఇవ్వలేదు.

మరుసటి ఉదయం టిఫిన్ తరువాత అందరం ఒక బల్ల చుట్టూ కూర్చున్నాము. ముందు పెద్దవాళ్ళమే తప్పు ఒప్పుకున్నాము. తరువాత రాత్రి పదిన్నరకు అందరూ గదిలో ఉండాలని చెప్పాము. పదిన్నర ఎందుకు? పదమూడు నుండి పద్దెనిమిదేళ్ళ పిల్లలకు రోజుకు ఎనిమిది నుండి పది గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెబుతారు. ఆ వయసులో మెలటోనిన్ అనే నిద్ర హార్మోను రాత్రి ఆలస్యంగా ఊరుతుంది కాబట్టి వాళ్ళకు తొమ్మిదింటికి నిద్ర రాదు. అది పొగరు కాదు, శరీరం తీరు. తొమ్మిదింటికి తెచ్చి పడుకోబెడితే దుప్పటి కింద మేలుకుని ఉంటారు. పదిన్నరకు వచ్చి పదకొండుకు పండుకుంటే ఉదయం ఏడున్నరకు లేవవచ్చు. ఆట, పాట కార్యక్రమం ఆ రోజు పదింటికే అయిపోతుందని కూడా చూసుకున్నాము.

ఇక్కడ ఒక వాదన వచ్చింది. మా చెల్లెలు, “మొగపిల్లోళ్ళకు పదిన్నర సరే, ఆడపిల్ల తొమ్మిదికే వచ్చేయాల” అన్నది. పద్నాలుగేళ్ళ అమ్మాయి నెమ్మదిగా, “రాత్రి తప్పిపోయింది నేను కాదు కదా పిన్నీ” అన్నది. మాకు ఆ అమ్మాయి మాటే న్యాయంగా తోచింది. అందరికీ ఒకే గంట పెట్టాము. 2012లో వచ్చిన పోక్సో చట్టం పద్దెనిమిదేళ్ళ లోపు వారందరినీ, మగపిల్లలైనా ఆడపిల్లలైనా, పిల్లలుగానే చూస్తుంది. మగపిల్లవాడికి ఏమవుతుందిలే అనే మాటను మేము ఆసుపత్రిలో చాలాసార్లు విన్నాము, ఆ మాట అన్నవాళ్ళు తరువాత ఏడవడం కూడా చూశాము.

విదేశాల్లో ఈ సంగతి ఎప్పటి నుండో ఉన్నది. అమెరికాలోని కార్నివాల్ అనే సంస్థ ఓడల్లో 12 నుండి 14 ఏళ్ళ వారికి ఒక క్లబ్బు, 15 నుండి 17 ఏళ్ళ వారికి వేరొక క్లబ్బు నడుపుతారు. 17 ఏళ్ళు, అంతకు లోపు పిల్లలు పెద్దల తోడు లేకుండా రాత్రి ఒంటి గంట తరువాత బయట తిరగరాదని ఆ సంస్థ నియమం పెట్టింది. కొందరు తల్లిదండ్రులు ఇది విని ఓడవాళ్ళే చూసుకుంటారులే అని నిశ్చింతగా ఉంటారు. ఒంటి గంట అనేది ఓడవారు తమ కోసం పెట్టుకున్న హద్దు, మన ఇంటి హద్దు కాదు. పైగా ఈ వయసు పిల్లల క్లబ్బు అంటే బడి లాంటిది కాదు. చిన్నపిల్లలనైతే తల్లిదండ్రుల చేతికే అప్పగిస్తారు, పెద్దపిల్లలు తమంతట తామే వస్తారు, పోతారు. లోపలికి పోయినాడు కాబట్టి లోపలే ఉన్నాడని అనుకోకూడదు.

గంట ఒక్కటే చాలదని ఆ బల్ల దగ్గరే తేలింది. ఫోను పనిచేయదు కాబట్టి ఒక నోటుబుక్కు కాగితం గది తలుపు లోపలివైపు అంటించి, ఎవరు ఎక్కడికి పోతున్నారో, ఎప్పటికి వస్తారో వ్రాసి పోవాలని పెట్టాము. పెద్దవాళ్ళు కూడా వ్రాయాలని పిల్లలు పట్టుబట్టారు, ఒప్పుకున్నాము. (మా బావగారు రెండుసార్లు వ్రాయకుండా కాఫీకి పోయి మాట పడ్డారు.) చోటు మారితే ఒకరు వచ్చి దిద్ది పోవాలి. ఒంటరిగా కాదు, ఇద్దరు కలిసే తిరగాలి. మరీ ముఖ్యమైనది, మన గదులు తప్ప ఇంకెవరి గదిలోకీ పోరాదు, ఎవరినీ మన గదికి పిలువరాదు. కొత్తగా స్నేహమైన పిల్లలైనా సరే, వాళ్ళ అమ్మ మనకు తెలిసినామె అయినా సరే, ఓడలో పనిచేసే వారైనా సరే. నలుగురు కనబడే చోట ఎంతసేపైనా ఆడుకోవచ్చు, తలుపు మూసే చోటికి మాత్రం వద్దు. బారు, జూదం ఆడే చోటు ఎటూ పెద్దలకే.

సాకు సంగతి కూడా తేల్చాము. ఎక్కడైనా ఇబ్బందిగా ఉంటే నేరాన్ని మా మీద వేసి లేచి రావచ్చు. “మా అత్త నర్సు, పదిన్నరకు మాత్ర వేస్తుంది, పోకుంటే ఊరుకోదు” అని చెప్పమన్నాము. లేదా ఓడలో అక్కడక్కడా ఉండే గోడ ఫోను నుండి గదికి చేసి “మాత్ర టైమయిందా?” అని అడిగితే చాలు, వెంటనే ఒకరు వస్తారు, అక్కడ ఏ ప్రశ్నా అడగరు. ఎవరైనా తాకరాని విధంగా తాకినా, భయపెట్టినా, వాడు చేసిన తప్పు ఇంకేదైనా ఉన్నా సరే ముందు మా దగ్గరికి రావాలి. మేము దొరకకపోతే రాత్రింబగళ్ళు మనిషి ఉండే రిసెప్షన్‌కు పోవాలి. ఒడ్డుకు చేరాక అయితే 1098 నంబరు ఉన్నది, పిల్లలే నేరుగా చేయవచ్చు.

ఆలస్యమైతే శిక్ష ఏమిటని పిల్లలే అడిగారు. ఎన్ని నిమిషాలు ఆలస్యమైతే మరునాడు అంతకు రెండింతలు ముందు రావాలన్నాము. నలుగురిలో తిట్టడం లేదు, కొట్టడం లేదు. తిడతారనే భయం ఉన్న పిల్లవాడు ఆలస్యమైనప్పుడు ఇంకా ఆలస్యం చేస్తాడు.

ఇక ప్రమాదాల సంగతి. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా అనే విహార ఓడ రాతికి తగిలి ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. ఆ రోజే ఎక్కిన చాలామందికి అప్పటికి రక్షణ డ్రిల్లు జరగలేదు. ఆ తరువాత అంతర్జాతీయ నియమం మార్చి, 2015 నుండి ఓడ కదలకముందు గాని, కదిలిన వెంటనే గాని ఈ డ్రిల్లు జరిపి తీరాలన్నారు. కాబట్టి డ్రిల్లు జరిగేటప్పుడు ఫోటోలు తీసుకుంటూ కూర్చోకండి. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినబడితే మన గదికి కేటాయించిన చోటుకు చేరాలి. పిల్లలకు ఇది ఒకటికి రెండుసార్లు చెప్పండి. కూత వినబడితే తమ్ముణ్ణి వెదుకుతూ, అమ్మ కోసం గదికి పరుగెత్తుతూ పోరాదు, నేరుగా ఆ చోటుకే రావాలి. మేము పిల్లలను ఒకసారి ఆటల గది నుండి, ఒకసారి భోజనశాల నుండి ఆ చోటుకు నడిపించి చూశాము. మొదటిసారి దారి తప్పింది పెద్దవాళ్ళమే.

కమ్మీలు ఎక్కి కూర్చోవడం, బాల్కనీలో కుర్చీ వేసుకుని వంగి చూడడం, సెల్ఫీ కోసం వెనక్కి వాలడం, వీటికి రెండో అవకాశం లేదు. ఈత కొలను దగ్గర చాలా ఓడల్లో కాపలా మనిషి ఉండడు, పెద్దవాళ్ళలో ఒకరు ఫోను పక్కన పెట్టి కూర్చుని చూడాలి. మూర్ఛ వ్యాధి ఉన్న పిల్లలైతే చేతికి అందేంత దగ్గరలో ఉండాలి. ఉబ్బసం పంపు, ఇన్సులిన్, మూర్ఛ మాత్రలు పెద్ద పెట్టెలో కాక చేతిసంచిలో పెట్టుకోండి. వాంతుల మాత్ర డాక్టరును అడిగి ఓడ కదలకముందే వేయాలి, వాంతి మొదలయ్యాక వేస్తే నిలవదు. దానితో మత్తు వస్తుంది, మత్తులో ఉన్న పిల్లవాడు ఆ పూట కొలనులో దిగరాదు. విరేచనాలు, వాంతులు కలిగించే నోరోవైరస్ ఓడల్లో తొందరగా పాకుతుంది. శానిటైజరుకు అది సరిగా లొంగదు, భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడగాలి.

ఓడ ఎక్కే స్తోమత మాకెక్కడిది సిస్టర్ అనే వారు కూడా ఈ కాగితం సంగతి వదిలిపెట్టవద్దు. వేళాంగణ్ణి పండుగకు బస్సులో పోయినా, పెద్ద సభలకు పోయి గుడారాల్లో పండుకున్నా, తలకోనకు ఒక పగలు పోయి వచ్చినా పిల్లలు అదే విధంగా చెదిరిపోతారు. ఇక నది మీద పడవల మాట చెప్పనవసరం లేదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పాపికొండల పడవ మునిగి సుమారు 50 మంది పోయారు. ఆ పడవలో మన తిరుపతివారూ ఉన్నారు. పడవలో లైఫ్ జాకెట్ తియ్యనన్న పిల్లవాడికి, తియ్యరా ఉక్కగా ఉంది అని ఏ పెద్దవాళ్ళూ చెప్పరాదు.

రెండో రాత్రి పదీ ఇరవైకి ముగ్గురు వచ్చారు. పదీ ఇరవై ఎనిమిదికి మా తమ్ముని కొడుకు తలుపు తట్టి, గడియారం చూపించి, కాగితంలో తన పేరు పక్కన టైము వేశాడు. కింద చిన్న అక్షరాలతో ఇంకో మాట వ్రాశాడు. “మామ ఇంకా రాలేదు.” అప్పుడు పదీ ముప్పై అయిదు. బావగారు కాఫీ కప్పుతో నడవాలో వస్తూ కనబడ్డారు.

ఆ కాగితం నమూనా మా ఓ.పి. గదిలో రిజిస్టరు పక్కన పెట్టాము. కావలసినవారు నకలు తీసుకుపోవచ్చు. పిల్లలను కూడా వెంట తీసుకువస్తే వాళ్ళ గంట వాళ్ళతోనే వ్రాయిస్తాము.