చవక క్లాంపు: పట్టేదెంత? జారేదెప్పుడు?

ఊళ్లలో వడ్రంగి దొరకడం గగనమైపోయింది. మంచం కోడు బీటవారినా, పీట కాలు ఊడినా, తలుపు పట్టె విడిపోయినా కబురు పెట్టి రోజుల తరబడి ఎదురుచూడవలసిందే. చిన్న మరమ్మతుకు పట్నం నుంచి మనిషిని పిలిస్తే, ఆ వస్తువు ఖరీదు కంటే కూలీ, దారి ఖర్చులే ఎక్కువవుతాయి. అందుకే రైతులూ, కుర్రకారూ తామే రంపం, సుత్తి పట్టుకుంటున్నారు. డ్రిల్లు, కోత మిషను ఉన్న ఇళ్లు కూడా తక్కువేమీ కాదు.

వీటి వెనుకే వచ్చి చేరింది ఒంటిచేత్తో బిగించే క్లాంపు. ఒక ఇనుప పట్టీ, దానికి రెండు దవడలు, ఒక పిడి. పిడి నొక్కినకొద్దీ దవడ ముందుకు జరిగి చెక్కను పట్టుకుంటుంది. పక్కనున్న చిన్న మీట లాగితే ఠక్కున వదిలేస్తుంది. హార్డ్‌వేర్ దుకాణాల్లోనూ, సెల్‌ఫోనులో ఆర్డరు పెడితే వచ్చే పార్సిళ్లలోనూ చిన్న సైజువి వడ్రంగి ఒక్కరోజు కూలి కంటే తక్కువకే జత దొరుకుతున్నాయి. పేరున్న కంపెనీలవి దీనికి కొన్ని రెట్లు ధర పలుకుతాయి. ఇంటి పనులకు చవకది చాలదా అని చాలామందికి కలిగే సందేహం.

కదలకుండా పట్టుకోవడానికైతే చాలు. గట్టిగా నొక్కి అతికించడానికైతే చాలదు. డబ్బు వృథా అయ్యేదీ, వేలు తెగేదీ ఈ తేడా తెలియనిచోటే.

లోపల ఉన్నది రెండు రేకులు

ఈ క్లాంపు పిడిలో ఉండే కిటుకు చిన్నదే. ఇనుప పట్టీ రెండు మూడు చిన్న రేకుల కన్నాల్లోంచి దూరి వెళుతుంది. రేకు నిటారుగా ఉన్నప్పుడు పట్టీ సులువుగా జారుతుంది. కొంచెం వాలిందా, దాని అంచు పట్టీని కరిచి పట్టుకుంటుంది. పిడి నొక్కినప్పుడు ఒక రేకు పట్టీని లాగితే, ఇంకొకటి వెనక్కు పోకుండా ఆపుతుంది. అంటే మొత్తం పట్టు ఆ రేకు అంచు మీదే ఆధారపడి ఉంది. చవక సరుకులో రేకు మెత్తని ఇనుముది కావచ్చు, అంచు త్వరగా అరిగిపోవచ్చు. పట్టీ సన్నగా ఉంటే బిగించినప్పుడు విల్లులా వంగుతుంది. దవడలు ప్లాస్టిక్‌వి కనుక అవీ నోరు తెరుస్తాయి.

ఈ జాతి పనిముట్ల పుట్టుక వెనుక ఒక పల్లెటూరి కమ్మరి ఉన్నాడు. డెన్మార్క్ నుంచి అమెరికా వలసపోయిన విలియం పీటర్సన్, నెబ్రాస్కా రాష్ట్రంలోని డివిట్ అనే చిన్న ఊళ్లో కొలిమి నడిపేవాడు. కొలిమిలో పట్టుకోవడానికి చెయ్యి చాలక, బిగించి వదిలేసినా ఊడని పట్టకారు తయారుచేసి 1924లో పేటెంటు పొందాడు. ఆయన పెట్టిన కంపెనీ తర్వాతి తరంలో ఒంటిచేతి క్లాంపును తెచ్చింది. ఆ పేటెంట్ల గడువు ఎప్పుడో తీరిపోయింది. ఇప్పుడు ఎవరైనా చేసి అమ్ముకోవచ్చు. చవక సరుకు ఇంతగా రావడానికి అదీ ఒక కారణం.

లెక్క వేస్తే తెలుస్తుంది

చిన్న సైజు చవక క్లాంపు సుమారు 50 నుంచి 70 కిలోల బరువుకు సమానమైన ఒత్తిడి ఇస్తుంది. అంతకు మించి పిడి నొక్కితే చెయ్యి నొప్పి పుడుతుంది, లేదా రేకు జారుతుంది. మరచుట్టు తిప్పి బిగించే ఇనుప క్లాంపు, అదే ఎఫ్ అక్షరం ఆకారంలో ఉండేది, ఓ మాదిరిదైనా 300 కిలోల దాకా నొక్కుతుంది.

తెల్ల జిగురుతో మెత్తని కర్ర అతికించేటప్పుడు చదరపు సెంటీమీటరుకు 7 నుంచి 10 కిలోల ఒత్తిడి ఉండాలని జిగురు తయారీదార్లు చెబుతారు. టేకు, వేప వంటి గట్టి కర్రకు ఇంకా ఎక్కువే కావాలి. మంచం కోడులో 3 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల పొడవు బీట ఉందనుకుందాం. 15 చదరపు సెంటీమీటర్లు. నూరు కిలోల పైచిలుకు ఒత్తిడి చాలు. రెండు చవక క్లాంపులు పెడితే పని అయిపోతుంది.

అదే తలుపు కోసం 90 సెంటీమీటర్ల పొడవు, రెండున్నర సెంటీమీటర్ల మందం గల రెండు పలకల్ని అంచుకు అంచు అతకాలంటే 225 చదరపు సెంటీమీటర్లు. తక్కువలో తక్కువ 1,575 కిలోలు. చవక క్లాంపులు ఇరవై పైన కావాలి! ఎఫ్ క్లాంపులైతే ఆరు. చిత్రిక చక్కగా పట్టి అంచులు వెలుతురు దూరకుండా కలిస్తే ఇంతకంటే తక్కువ ఒత్తిడితోనూ అతుకు నిలుస్తుంది. అయినా రెండు మూడు చవక క్లాంపులు తగిలించి తలుపు అతికిందనుకుంటే, ఎండాకాలం వచ్చేసరికి సందు కనబడుతుంది.

అంత ఖర్చు పెట్టలేనివారికి పాత పద్ధతి ఉండనే ఉంది. బల్ల మీద రెండు వైపులా రెండు బద్దలు మేకులతో దిగగొట్టి, మధ్యలో పలకల్ని పరచి, మిగిలిన సందులో ఏటవాలుగా చెక్కిన కర్ర చీలల్ని జంటగా ఎదురెదురు దోపి సుత్తితో కొట్టడమే. పలకలు పైకి లేవకుండా మీద బరువు పెట్టాలి. చీల దెబ్బకు వచ్చే ఒత్తిడి ముందు చవక క్లాంపు దేనికీ చాలదు. కుర్చీ కాళ్లు నాలుగూ ఒకేసారి బిగించాలంటే చుట్టూ తాడు కట్టి, మధ్యలో కర్ర దూర్చి మెలిపెట్టవచ్చు. బండి చక్రానికి ఇనుప పట్టా కాల్చి ఎక్కించి, నీళ్లు పోసి బిగించిన మన కమ్మరులకు ఈ సంగతులు ఎవరూ చెప్పనక్కరలేదు.

మిషను దగ్గర జాగ్రత్త

చెక్కను కాలి కింద అదిమిపెట్టి కోత మిషను నడపడం పల్లెల్లో మామూలైపోయింది. బ్లేడు ఎగిరిపడితే ముందుగా ఉండేది పాదమే. చిన్న ముక్కను చేత్తో పట్టుకుని డ్రిల్లు పెడితే, డ్రిల్లు ముక్కను పట్టి గిర్రున తిప్పి చేతికి కొడుతుంది. చెక్కను బల్లకు బిగించి పని చేయడం ఎంతో మేలు. అయితే బిగించేది ఏదన్నది చూసుకోవాలి. మిషను అదురుకు ఒంటిచేతి క్లాంపు కొద్దికొద్దిగా వదులవుతుంది. ఒక్కటే పెడితే చెక్క దాని చుట్టూ తిరుగుతుంది కూడా. మిషను పనికి మరచుట్టు ఉన్న జి క్లాంపులు రెండు పెట్టాలి. నడుమ నడుమ ఆపి బిగువు చూడాలి. పిండి రేణువులా వచ్చే రంపపు పొట్టు, నూనె మరక పట్టీ మీద ఉంటే రేకు పట్టు ఇంకా తగ్గుతుంది.

ఇక కొనేటప్పుడు దుకాణంలోనే పరీక్ష చేయవచ్చు. గల్లాబల్ల అంచుకు క్లాంపు తగిలించి గట్టిగా నొక్కాలి. పట్టీ వంగుతోందా, దవడలు రెండూ సమంగా ఆనుతున్నాయా చూడాలి. తరువాత దాన్నే పట్టుకుని పక్కకు గుంజాలి. జారితే తిరిగి ఇచ్చేయడమే. విడిపించే మీటను పది సార్లు లాగి చూడాలి. ముందున్న దవడను ఊడదీసి రెండో కొసకు తిప్పి పెట్టే వీలున్నది దొరికితే అదే తీసుకోవడం మంచిది. పాత కుర్చీ కీళ్లు విరగకుండా లోపలి నుంచి తోసి విడదీయడానికి పనికొస్తుంది. పార్సిల్‌లో తెప్పించేవారికి ఈ పరీక్షలు చేసే అవకాశం ముందుగా ఉండదు కాబట్టి, వాపసు గడువు దాటకముందే ఇంట్లో చేసుకోవాలి.

డజను చవకవి కొనేకంటే చవకవి రెండు, ఎఫ్ క్లాంపులు రెండు ఉంచుకుంటే ఇంటి పనులు చాలావరకు గడుస్తాయి. పట్టీకి నూనె రాయకూడదు. తుప్పు పడితే గరుకు కాగితంతో రుద్ది, పొడి గుడ్డతో తుడవాలి. జిగురు అంటితే తడిగా ఉన్నప్పుడే తీసేయాలి. ఎండలో వదిలేస్తే ప్లాస్టిక్ దవడలు పెళుసెక్కుతాయి కనుక, పని కాగానే బిగువు వదిలి నీడపట్టున చూరుకు తగిలించుకోవాలి.