మంచు గుడ్లగూబల కాపలాదారులు, మన గట్ల మీద ఎలుకల మందు

పైన పెట్టిన వీడియోలో మొదటి మూడు నిమిషాలు మీకు ఒక తెల్లటి చుక్క తప్ప ఏమీ కనిపించదు. ఇసుక దిబ్బ మీద, ఎండిన గడ్డి మధ్యలో ఎవరో సున్నం ముద్ద పెట్టి వెళ్ళినట్టు ఉంటుంది. అదే మంచు గుడ్లగూబ. "అంత దూరం పోయి ఇంత చిన్నగా తీశావేంట్రా" అని మా అన్నయ్యే అడిగాడు. దగ్గరికి వెళ్ళనివ్వలేదండి అక్కడివాళ్ళు. ఎందుకు వెళ్ళనివ్వలేదో వీడియోలో సరిగ్గా చెప్పడం కుదరలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా. చివరికి ఇది మన వరి గట్ల దగ్గరికే వస్తుంది, కాస్త ఓపిగ్గా చదవండి.

సంక్రాంతి రోజుల్లో నేను అమెరికాలో బోస్టన్ దగ్గర మా అమ్మాయి వాళ్ళింట్లో ఉన్నాను. అక్కడికి ఉత్తరంగా గంట ప్రయాణంలో ప్లమ్ ఐలాండ్ అని సముద్రపు ఒడ్డున పొడవాటి దీవి ఉంది. ఒక పక్క అట్లాంటిక్ సముద్రం, ఇంకో పక్క ఉప్పునీళ్ళ గడ్డి బీళ్ళు. పార్కర్ రివర్ అభయారణ్యం అందులోనే ఉంది. చలికాలంలో పక్షులు చూసేవాళ్ళు తెల్లారకముందే కార్లలో అక్కడికి చేరతారు. మమ్మల్ని తీసుకెళ్ళినావిడ బడిలో పాఠాలు చెప్పి రిటైరైన పెద్దావిడ. కారు దిగే ముందే మా అమ్మాయితో నాకు మూడు సంగతులు చెప్పించింది: తలుపు గట్టిగా వెయ్యొద్దు, దారి దాటి దిబ్బల్లోకి అడుగు పెట్టొద్దు, పక్షి కళ్ళు పెద్దవి చేసి మనవైపు చూస్తే అప్పటికే మనం ఎక్కువ దగ్గరికొచ్చేసినట్టు, కాబట్టి వెనక్కి తగ్గాలి. కళ్ళు సగం మూసుకుని కూర్చుంటే అది నిశ్చింతగా ఉందన్నమాట.

ఇంత పట్టింపు ఎందుకు అనిపించింది నాకు. పక్షే కదా, లేస్తే లేస్తుంది, ఇంకోచోట వాలుతుంది. ఆవిడ చెప్పిన లెక్క రైతుకి సులువుగా అర్థమవుతుంది. ఆ చలిలో దానికి తిండి కష్టం. పగలు కదలకుండా కూర్చుని ఒంట్లో వేడి కాపాడుకుంటుంది. ఫోటోల కోసం పదిమంది పదిసార్లు లేపితే, సాయంత్రం వేటకి దాచుకున్న శక్తి అక్కడే ఖర్చైపోతుంది. పైగా పగలు ఎగిరితే కాకులు, గద్దలు వెంటపడతాయి. ఈనిక దశలో వరికి నీళ్ళు ఆపేస్తే ఎలా ఉంటుందో, దానికి ఆ చలికాలపు పగటి విశ్రాంతి పోవడం అలాంటిది.

ఈ పక్షి సొంత ఊరు ఆర్కిటిక్. చెట్టు అనేదే లేని టండ్రా నేల. అక్కడ లెమ్మింగ్ అనే పొట్టి తోక ఎలుక ఉంటుంది, దాన్ని తిని బతుకుతుంది. లెమ్మింగులు ఒక ఏడాది విపరీతంగా పెరుగుతాయి, ఇంకో ఏడాది కనపడకుండా పోతాయి. లెమ్మింగులు లేక ఆకలితో ఈ గుడ్లగూబలు దక్షిణానికి వస్తాయని చాలాకాలం అనుకున్నారు. 2013లో ఆ లెక్క తిరగబడింది. ఆ ఎండాకాలం కెనడాలో ఉత్తర క్యూబెక్ వైపు లెమ్మింగులు పుష్కలంగా పెరిగాయి. ఒక గూడు చుట్టూ డెబ్బై దాకా చచ్చిన లెమ్మింగులు వరసగా పేర్చి ఉన్న ఫోటో అప్పట్లో బాగా తిరిగింది. తిండి ఉంటే పిల్లలు బతుకుతాయి, పిల్లలు ఎక్కువైతే చలికాలానికి చెల్లాచెదురవుతాయి. ఆ శీతాకాలంలో మంచు గుడ్లగూబలు ఫ్లోరిడా దాకా, చివరికి సముద్రం మధ్యలో ఉన్న బెర్ముడా దాకా వచ్చాయి. కరువు తరిమితే వచ్చినవి కావు, పంట పండితే వచ్చినవి.

వచ్చినవి ఎక్కడ వాలతాయి? వాటికి అలవాటైన నేల చదునుగా, చెట్లు లేకుండా, పొట్టి గడ్డితో ఉంటుంది. అమెరికా తూర్పు తీరంలో అచ్చం అలా ఉండేవి విమానాశ్రయాలు. పైగా అక్కడ ఎలుకలు, బాతులు కూడా దొరుకుతాయి. 2013 డిసెంబరులో న్యూయార్క్ కెనెడీ విమానాశ్రయంలో, విమానాలకి ప్రమాదమని మూడు మంచు గుడ్లగూబల్ని కాల్చి చంపారు. జనం ఊరుకోలేదు. ఒకటి రెండు రోజుల్లోనే అధికారులు మాట మార్చి, ఇకనుంచి పట్టి వేరేచోట వదులుతాం అన్నారు.

అలా పట్టి వదలొచ్చని వాళ్ళకి ధైర్యం ఎక్కడిదంటే, బోస్టన్ లోగన్ విమానాశ్రయంలో ఒకాయన అప్పటికే ముప్పై ఏళ్ళకి పైగా ఆ పని చేస్తున్నాడు. నార్మన్ స్మిత్ అని, మాస్ ఆడుబాన్ అనే ప్రకృతి సంరక్షణ సంస్థ మనిషి. 1981 నుంచి చలికాలం రాత్రుళ్ళు రన్‌వేల పక్కన వలతో గుడ్లగూబల్ని పట్టి, తూకం వేసి, కాలికి నంబరు కడియం తొడిగి, దూరంగా సముద్రతీరంలో వదులుతుంటాడు. 2013-14 చలికాలం ఒక్కదాంట్లోనే లోగన్ నుంచి 121 పక్షుల్ని తరలించాడు. ఇదంతా విని నేను మా పొలంలో పాములు పట్టి చెరువు గట్టున వదిలే మా పాలేరుని తలుచుకున్నా. పని అదే, పేరు రాలేదంతే.

అదే చలికాలంలో ప్రాజెక్ట్ స్నోస్టార్మ్ అని ఇంకో పని మొదలైంది. స్కాట్ వైడెన్సాల్ అనే రచయిత, ఇంకొందరు పక్షి పరిశోధకులు కలిసి, జనం ఇచ్చిన విరాళాలతో నడిపిస్తున్నారు. గుడ్లగూబ వీపుకి చిన్న సంచిలాగా 40 గ్రాముల యంత్రం కడతారు. రెండు కేజీల పక్షికి అది బరువు కాదు. ఎండతో ఛార్జ్ అవుతుంది, పక్షి ఎక్కడుందో గుర్తు పెట్టుకుంటుంది, సెల్ టవర్ తగిలినప్పుడు మన ఫోన్ మెసేజ్ పంపినట్టు పంపేస్తుంది. పక్షి ఆర్కిటిక్ వెళ్ళిపోతే అక్కడ టవర్లు లేవు కదా. ఆ లెక్కలన్నీ లోపలే దాచుకుని, మళ్ళీ దక్షిణానికి వచ్చినప్పుడు ఒకేసారి అప్పజెబుతుంది. నాకు ఇది భలే నచ్చింది. కొన్ని గుడ్లగూబలు చలికాలమంతా గడ్డకట్టిన పెద్ద సరస్సుల మధ్యలో మంచు మీదే ఉంటూ, నీళ్ళ చీలికల్లో బాతుల్ని వేటాడతాయని ఇలాగే తెలిసింది. ఒడ్డున నిలబడి బైనాక్యులర్స్‌తో చూస్తే అది జన్మలో తెలిసేది కాదు.

పక్షుల వీక్షకుల్లో ఇంకో కట్టుబాటు ఉంది. గుడ్లగూబ కనిపిస్తే సరిగ్గా ఫలానా చెట్టు, ఫలానా దిబ్బ అని బయట చెప్పరు. చెబితే మర్నాటికి వందమంది దిగుతారు. ఇంకో బెడద ఉంది. మంచి ఫోటో కోసం కొందరు దుకాణంలో కొన్న ఎలుకల్ని రోడ్డు పక్కన వదులుతారు. గుడ్లగూబ దూసుకొచ్చి ఎత్తుకెళ్ళేటప్పుడు బ్రహ్మాండమైన ఫోటో వస్తుంది. కానీ మనిషి దగ్గర, కారు దగ్గర తిండి ఉంటుందని పక్షికి అలవాటవుతుంది, రోజూ రోడ్డు మీదికి వస్తుంది, ఏదో ఒకరోజు కారు కింద పడుతుంది. మిన్నెసోటా రాష్ట్రంలో సాక్స్-జిమ్ బాగ్ అనే బురద అడవి ఉంది, అక్కడ ఈ గొడవ ఎక్కువ. ఆ ప్రాంతానికి చలికాలంలో పెద్ద బూడిదరంగు గుడ్లగూబ వస్తుంది. దాని మొహం చేటంత ఉంటుంది, ఆ చేట మొత్తం శబ్దాన్ని చెవుల్లోకి మళ్ళించడానికే. దాదాపు రెండడుగుల మంచు కింద గడ్డి ఎలుక కదిలినా వినేస్తుంది, పైనుంచి దూకి మంచులోనుంచి తీసేస్తుంది. 2004-05 చలికాలంలో గడ్డి ఎలుకలు తగ్గి, కెనడా అడవుల నుంచి ఒక్క మిన్నెసోటాలోనే 5,000 పైచిలుకు దిగాయి. వందల్లో రోడ్ల మీద చచ్చిపోయాయి, ఎందుకంటే గడ్డి, దాంట్లో ఎలుకలు ఉండేది రోడ్డు వార కాబట్టి.

ఇక మనకి కావలసిన సంగతి. చనిపోయి దొరికిన మంచు గుడ్లగూబల్ని స్నోస్టార్మ్‌తో కలిసి పనిచేసే పశువైద్యులు కోసి పరీక్షిస్తారు. ఎక్కువ పక్షులు ఆకలితో చచ్చినవి కావు, కొవ్వు పట్టి దుక్కలా ఉన్నవే. కార్లు గుద్ది, కరెంటు తీగలు తగిలి పోయాయి. కొన్నింటి కాలేయంలో ఎలుకల మందు దొరికింది. ఆర్కిటిక్‌లో ఎలుకల మందు ఎవరు పెడతారండి? ఇక్కడికి వచ్చాక, ఇక్కడి ఎలుకని తిన్నాక ఎక్కింది అది. మసాచుసెట్స్‌లో ఒక పశువైద్య ఆసుపత్రికి 2006 నుంచి 2010 వరకు వచ్చిన గద్దలు, గుడ్లగూబలు 161 పరీక్షిస్తే 86 శాతం పక్షుల్లో ఈ మందు ఆనవాళ్ళున్నాయి. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో బ్యారీ అని జనం ముద్దుగా పిలుచుకునే గుడ్లగూబ ఉండేది. 2021 ఆగస్టులో పార్కు వాహనానికి గుద్దుకుని చచ్చిపోయింది. పరీక్షిస్తే ఒంట్లో ప్రాణం తీయగలిగినంత బ్రోమోడయోలిన్ ఉంది.

ఆవిడ ఆ పేరు పలకగానే మా అమ్మాయి అనువదించకుండానే నాకు అర్థమైంది. బ్రోమోడయోలిన్! మన ఊళ్ళలో నూకలు, నూనె కలిపి పొట్లాలు కట్టి కన్నానికొకటి చొప్పున వేసేది అదే కదండీ. సామూహిక ఎలుకల నివారణ అని ఊరంతా ఒకేరోజు వేయిస్తారు.

ఇది రక్తం గడ్డకట్టకుండా చేసే మందు. తిన్న ఎలుక వెంటనే చావదు, నాలుగైదు రోజులు పడుతుంది. అందుకే ఎలుక అనుమానించకుండా మళ్ళీ మళ్ళీ తింటుంది, అదే దాని గొప్పతనమని అమ్ముతారు. ఆ నాలుగైదు రోజులు ఎలుక ఒంట్లో విషం పేరుకుంటూనే ఉంటుంది. చివర్లో మత్తుగా, నెమ్మదిగా, గట్టు మీద బయటికొచ్చి తిరుగుతుంది. గుడ్లగూబకి అంతకన్నా సులువైన వేట ఏముంటుంది? ఒక్క ఎలుకతో చావకపోవచ్చు. కానీ కాలేయంలో నెలల తరబడి ఉండే విషం అది, ఎలుక వెనక ఎలుక తింటే కూడుతూ పోతుంది. అంటే మనకి రోజూ రాత్రి కూలి లేకుండా ఎలుకలు పట్టే జీవాన్నే ముందు పోగొట్టుకుంటున్నాం. ఎలుక ఆరు వారాల్లో మళ్ళీ పిల్లలు పెడుతుంది. గుడ్లగూబ అలా తేరుకోలేదు.

ప్రకృతి వ్యవసాయం చేసే మనం మందు వేయం, నిజమే. కానీ గుడ్లగూబకి సర్వే నంబర్లు తెలియవు. నా రెండెకరాల్లో పది కర్రలు పాతి పక్షి స్థావరాలు పెడితే, రాత్రి దాని మీద వాలేది పక్క పొలంలో మందు తిన్న ఎలుకని పట్టుకొచ్చే తింటుంది. ఈ ముక్క నన్ను అక్కడ చలిలోనే చాలాసేపు తొలిచింది.

ఉత్తరాది చలి పక్షులతో మనకేం పని అనుకోకండి. మన దగ్గరికీ ఒకటి వస్తుంది. పొట్టి చెవుల గుడ్లగూబ అంటారు. ఉత్తర దేశాల్లో పిల్లల్ని పెంచి, చలికాలానికి మన దేశపు గడ్డి బీళ్ళకి దిగుతుంది. చెట్టు మీద కాదు, నేల మీదే గడ్డి దుబ్బుల మధ్య పడుకుంటుంది. మేకల వెనక నడుస్తుంటే కాళ్ళ దగ్గరనుంచి గోధుమ రంగు పక్షి ఒకటి చప్పుడు లేకుండా లేచి, కాస్త దూరంలో మళ్ళీ గడ్డిలోకే దిగితే అది ఇదే కావచ్చు. పచ్చటి కళ్ళు, చుట్టూ కాటుక పెట్టినట్టు నలుపు. ఇదీ ఎలుకలు తినేదే. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా బీడు గడ్డికి నిప్పు పెట్టేవాళ్ళు ఒక్కసారి లోపల నడిచి చూసి పెట్టండి, కుదిరితే అసలు పెట్టకండి. కీడు పిట్ట అని రాళ్ళు వేసేవాళ్ళు ఇంకా ఉన్నారు. లక్ష్మీదేవి వాహనం అని వాళ్ళకి నేను చెప్పి చూశాను. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం కేసు అవుతుందని చెబితే ఇంకా బాగా పనిచేసింది.

గుడ్లగూబ ఒక్కటే ఎలుకలన్నీ తినేస్తుందని నేను చెప్పను. గట్లు సన్నగా చెక్కుకోవాలి, గట్టు మీద గడ్డి లేకుండా చూసుకోవాలి. వరి దుబ్బు కట్టకముందే ఎకరాకి 20 దాకా ఎలుక బుట్టలు పెట్టుకోవాలి, కన్నాలకి పొగ పెట్టాలి. ఎలుకలు పట్టే యానాదుల కుటుంబాలు ఉన్న ఊళ్ళలో వాళ్ళకి ముందే కబురు చెప్పుకుంటే మందు ఖర్చుకంటే పెద్ద ఎక్కువేం కాదు. ఇవన్నీ చేశాక మిగిలిన ఎలుకలు గుడ్లగూబ వాటా.

ఊరు తిరిగొచ్చాక మా కాలవ కింద నా పొలానికి ఆనుకుని ఉన్న పదిమంది రైతుల్ని కూర్చోబెట్టి ప్లమ్ ఐలాండ్ వీడియో చూపించాను. సార్వాకి మందు పొట్లాలు తీసుకోకుండా, ఆ డబ్బుతో బుట్టలు, పొగ కూలి పంచుకుందామని అడిగాను. "నీకైతే సరేగానీ, పొట్ట మీద పంట కొరికేస్తే గుడ్లగూబ వచ్చి కడుతుందా నష్టం" అన్నాడు మా సుబ్బారావు బాబాయి. న్యాయమైన మాటే. అందుకని మొదటి కారు నష్టం నేను భరిస్తానని రాసిచ్చాను, తేడా ఎంతొస్తుందో కోతలప్పుడు తూకం వేద్దామన్నాను. నలుగురు ఒప్పుకున్నారు. బాబాయి ఇంకా ఆలోచిస్తున్నాడు, కానీ మొన్న తన గట్టు మీద కర్ర పాతడానికి మాత్రం అడ్డు చెప్పలేదు.