కరువు కాలంలో కట్టిన మందిరం

ఏడుపాయల వనదుర్గా భవానీ దర్శనానికి బయలుదేరే యాత్రికులలో అనేకులు మెదక్ పట్టణం మీదుగా వెళ్తారు. అక్కడ ఆకాశాన్ని తాకుతున్నట్లు ఒక గోపురం కనిపిస్తుంది. అది మెదక్ చర్చి గంటగోపురం. దాని ఎత్తు 175 అడుగులు. మన గుడి కాదు గదా అని చూపు తిప్పుకొని సాగిపోయేవారూ ఉంటారు. కానీ ఆ మందిరం కథ అన్నంతో ముడిపడినది. అన్నదానాన్ని మించిన దానం లేదని నమ్మే మనం తప్పక తెలుసుకోదగినది.

ఈ చర్చిని నిర్మించినవారు మెథడిస్టులు. 18వ శతాబ్దంలో ఇంగ్లండులో జాన్ వెస్లీ అనే బోధకుని వలన ఈ శాఖ ఏర్పడినది. ఆయన, ఆయన మిత్రులు ప్రార్థనకు, ఉపవాసానికి, పేదల సేవకు వేళలు ఏర్పరచుకొని క్రమం తప్పక పాటించేవారు. ఆ నియమనిష్ఠను చూసి తోటి విద్యార్థులు పరిహాసంగా పెట్టిన పేరే మెథడిస్టులు. ఎగతాళి మాటే చివరకు శాఖకు నామధేయమై నిలిచినది.

ఆ శాఖకు చెందిన చార్లెస్ వాకర్ పోస్నెట్ 1895లో సికింద్రాబాదుకు వచ్చి, తరువాత మెదక్‌లో స్థిరపడ్డారు. అప్పుడది నిజాము పాలనలోని చిన్న ఊరు. 1914లో చర్చి నిర్మాణం మొదలైనది. అదే సంవత్సరం మొదటి ప్రపంచయుద్ధమూ ఆరంభమైనది.

పనికి ప్రతిఫలం అన్నం

అవి కరువు, అంటువ్యాధులు జనాన్ని పీడించిన రోజులు. కరువంటే ఏమిటో మన నంద్యాల, ఆళ్లగడ్డ సీమలకు వేరే చెప్పనక్కరలేదు. 1876-78 నాటి ధాత కరువు కర్నూలు మండలాన్ని ఎంతగా కృంగదీసినదో చరిత్ర చెబుతూనే ఉన్నది. మెదక్‌లో ఆకలితో వచ్చినవారికి ఊరక భిక్ష వేయక, మందిర నిర్మాణంలో పని కల్పించి, ఆ పనికి ఆహారం ఇచ్చారని ఆ చర్చి చరిత్ర చెబుతుంది. చేయి చాచకుండా, తల వంచకుండా, తన కష్టంతో తాను తిన్నానన్న గౌరవం ఆ కూలివానికి దక్కినది.

పదేళ్లు పని సాగినది. 1924 డిసెంబరు 25న మందిరాన్ని ప్రతిష్ఠించారు. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. సుమారు ఐదువేల మంది ఒకేసారి కూర్చొని ప్రార్థించగలరు. కట్టడం ఐరోపాలోని గోతిక్ పద్ధతిలో ఉన్నది. నేలపై పరచిన రంగుల పలకలు బ్రిటన్ నుండి తెప్పించినవి.

రంగుటద్దాల కిటికీలు ఈ మందిరానికి ప్రత్యేక శోభ. క్రీస్తు జననం, శిలువ, ఆరోహణం అనే మూడు ఘట్టాలు వాటిపై చిత్రింపబడినవి. పగటి వెలుగు బయటినుండి అద్దాల గుండా ప్రసరించినప్పుడే లోపలివారికి ఆ చిత్రాలు ప్రకాశిస్తాయి. చీకటి పడితే లోపల ఎన్ని దీపాలు వెలిగించినా ఆ రంగులు పలకవు. కనుక చూడదలచినవారు పగటిపూటే వెళ్లాలి.

1947 సెప్టెంబరులో మెథడిస్టులు, ఆంగ్లికన్లు మొదలైన శాఖలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడినప్పుడు మెదక్ చర్చి బిషప్పు పీఠమైనది. మన నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో ఎక్కువమంది అప్పుడు ఆ కలయికలో చేరక, కొంతకాలం వేరుగా ఉండి, తరువాతనే చేరారు. మెదక్ మందిరానికి 2024 డిసెంబరులో నూరేళ్లు నిండినవి.

మనం గ్రహించవలసినది

పాఠక మహాశయులారా! పోస్నెట్ పేరు చరిత్రలో నిలిచినది. రాళ్లు మోసిన వేల చేతుల పేర్లు మనకు తెలియవు. మన ఆలయాల సంగతీ అంతే. కట్టించిన రాజు పేరు శాసనంలో ఉంటుంది, మట్టి మోసిన తల్లి పేరు ఉండదు.

నేడు మన గ్రామాలలోనూ జీర్ణోద్ధరణలు, మండప నిర్మాణాలు విరివిగా జరుగుతున్నవి. దాతలకు, ధర్మకర్తలకు ఒక విన్నపం. పొలం పనులు లేక కూలీలు వలసపోయే నెలలలో ఆ పనులు చేపట్టండి. యంత్రంతో ఒక్కరోజులో ముగిసే మట్టిపని అయినా, సాధ్యమైనంత ఊరివారి చేతికివ్వండి. సాయంత్రానికి కూలి పూర్తిగా చెల్లించండి. కుంభాభిషేకం నాడు దాతలతో పాటు ఆ కూలీలనూ పిలిచి ముందు వరుసలో కూర్చోబెట్టి, వారికి తొలి తీర్థప్రసాదాలు అందించండి.