కొరమీనుగద్ద కాపురము

శీతకాలమున మంజీర జలాశయపు గట్టున నడచువారికి, నీటనడుమ నిలిచిన యెండుమ్రానిపై తెల్లని రొమ్మును, కన్నులమీదుగా నల్లని చారయు గల యొక గద్ద యప్పుడప్పుడు కానవచ్చును. ఇదియే కొరమీనుగద్ద, ఆంగ్లమున ఆస్ప్రే యందురు. చేపలు దప్ప దీనికి వేఱాహారము లేదనవచ్చును. వెలుపలి కాలివ్రేలు వెనుకకు ద్రిప్పుకొనగలదు; అరికాలినిండ ముండ్లవంటి గరుకు; నీట మునుగునపుడు ముక్కురంధ్రములు మూసికొనును. ఇన్ని సాధనములతో వచ్చు నీ వేటకాడు మన జిల్లాలో గూడు మాత్రము కట్టదు. వేసవి ముదురకమునుపే యుత్తరమునకు లేచిపోవును.

దాని సంసారము చూడగోరి మేము ఈ యేడు స్కాట్లాండు దేశపు గూటి నొకదానిని మా కంప్యూటరు గదిలో తెరపై చూచితిమి. గూటియెదుట కెమెరా నిలిపి లోకమున కెల్ల చూపుట యచ్చట వాడుక. ఆ పక్షులు మంజీరకు వచ్చునవి కావు. అవి శీతకాలమునకు పశ్చిమ ఆఫ్రికాకు బోవును. మనయొద్దకు వచ్చునవి ఆసియా యుత్తరభాగములవి. జాతి మాత్ర మొక్కటియే.

ఏప్రిలులో మూడు గ్రుడ్లు కనబడెను. అంతలో పరీక్షలు, ఆ వెంటనే సెలవులు. సుమారు 37 దినములు పొదిగినపిదప పిల్లలు వెలువడు ముచ్చట మాలో ననేకులకు దక్కలేదు. జూన్‌లో బడి తెఱచునప్పటికి పిల్లలకు ఈకలు మొలచుచుండెను. అచ్చట తెల్లవారునప్పుడు మనకు తొమ్మిది గంటలు. కావున మన గంట మ్రోగువేళ వాటికి తొలియాహారపు వేళ. తండ్రి చేపను దెచ్చును, తరచుగా తల తాను దిని మొండెము మాత్రమే తెచ్చును. తల్లి ముక్కలు చీల్చి నోటికందించును.

మూడవపిల్ల కడసారి పుట్టినది, చిన్నది. చేపలు చాలినప్పుడు చిక్కులేదు; చాలనప్పుడు పెద్దవి దానిని పొడిచి వెనుకకు నెట్టును. రెండుదినము లెడతెగని వాన కురిసెను. తండ్రి వట్టికాళ్లతో వచ్చి పోవుచుండెను. తల్లి ఱెక్కలు గొడుగువలె చాచి తడియుచు కూర్చుండెను. చిన్నది తల యెత్తలేదు. ఆరవతరగతి పిల్లలు భోజనవేళ గంటకుకూడ కదలలేదు. మూడవనాడు పెద్ద చేప యొకటి వచ్చెను. అన్నలు తిని క్రోపు నిండి కునుకు తీయగా, మిగిలిన తోకభాగమెల్ల చిన్నదానికి దక్కెను. నాటినుండి అది తేరుకొనెను. జూలై తొలివారమున కొందరు గూటికెక్కి మూడింటి కాళ్లకును గుర్తుకడియములు తొడిగిరి.

ఆ దేశమున నీ గద్దను వేటగాండ్రును, గ్రుడ్లు సేకరించువారును కలిసి 20వ శతాబ్ది తొలిభాగమున గూళ్లే లేకుండ జేసిరి. 1954లో నొక జంట లాక్ గార్టెన్ సరస్సున మరల గూడుకట్టెను. 1958లో నొకడు రాత్రివేళ గ్రుడ్లను దొంగిలించి, కోడిగ్రుడ్లకు బూటుపాలిషు పూసి వాటిచోట నుంచి పోయెనట! మరుసటి సంవత్సరము కావలి బలపరచి, ప్రజలనే రప్పించి చూపిరి. దొంగకంటె వేయి కన్నులే మంచి కావలి యని వారికి దోచియుండును.

అమెరికాలో దొంగ వేఱు. డి.డి.టి. యను పురుగుమందు వానతో ఏళ్లలోనికి, ఏటినుండి చేపలలోనికి, చేపలనుండి గద్దలోనికి జేరి, గ్రుడ్డుపెంకును పలుచబఱచెను. తల్లి పొదుగ కూర్చుండగనే గ్రుడ్లు చిట్లెడివి. 1972లో దానిని నిషేధించినపిదప గూళ్లు మరల నిండెను. గుమ్మడిదలవారమైన మాకు ఈ కథ దూరదేశపుది కాదు. పటాన్‌చెరు, బొల్లారము కర్మాగారముల మలినజలమునుగూర్చి 1990లో సర్వోన్నత న్యాయస్థానమున వ్యాజ్యము పడినది. ఆ నీరు పారిన నక్కవాగు మంజీరలోనే కలియును. చేపను దినువాడు, గద్దయైనను మనుష్యుడైనను, నీటిలో నున్నదానినెల్ల దినును.

ఆగస్టులో మొదట తల్లి, పిమ్మట పిల్లలు ఒక్కొక్కటిగా, కడపట తండ్రి వెడలిపోయిరి. పిల్లలకు త్రోవ చూపువారెవ్వరును లేరు. తెరపై వట్టి పుల్లలు మిగిలెను.

నవంబరులో మేము మంజీరగట్టునకు బోయితిమి. ఇసుకతిన్నెపై మొసలి యొకటి నోరు తెఱచుకొని యెండ కాగుచుండెను. దానికావల ఎండుమ్రానిపై గద్ద కూర్చుండి, కాలిక్రింద నదిమిపట్టిన చేపను తలనుండియే తినుచుండెను. దుర్భిణి వంతులవారీగా మారుచు వచ్చెను. అందఱు మొదట చూచినది దాని కాళ్లనే, కడియము లేదు.